తొమ్మిదో తరగతికి ప్రోలాగ్ అనే కంప్యూటర్ భాష చెప్పి చూసినవాళ్ళు ఉన్నారా?

లంకల్లో_లెక్కలు:

అందరికీ నమస్కారం. కోనసీమలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ల్యాబ్ చూసే ఆయన మానేశాక తాళంచెవి నా దగ్గరకొచ్చింది, అంతకుమించి కంప్యూటర్లు చెప్పడానికి నాకేం అర్హత లేదు. 11 సిస్టమ్స్ ఉన్నాయి, 8 పనిచేస్తాయి. నెట్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. శనివారం ఒక పీరియడ్ నాదే.

పోయినేడు పైథాన్ భాష మొదలెట్టాను. నిజం చెప్పాలంటే పిల్లలు బోర్డు మీదది చూసి కొట్టారు, రన్ అయితే చప్పట్లు, కాకపోతే "సార్ రావట్లేదు" అని చెయ్యెత్తడం. ఏం రాశారో ఎందుకు రాశారో ఒక్కడు చెప్పలేకపోయాడు. తప్పు నాదే కావచ్చు. వేసవి సెలవుల్లో ఒక పాత మిత్రుడు ప్రోలాగ్ చూడమన్నాడు, రెండు వారాలు కూర్చున్నాను, లెక్కల మాస్టారికి ఇంతకంటే ఇష్టమైన భాష ఉండదేమో అనిపించింది. మనకి తెలిసిన సంగతులు రాస్తాం, నియమాలు రాస్తాం, ఆ తర్వాత ప్రశ్న అడుగుతాం, జవాబు ఎలా వెతకాలో అది చూసుకుంటుంది. మా పిల్లలకి జ్యామితిలో సిద్ధాంతానికీ దాని విపర్యయానికీ తేడా తెలియదండీ, "ఇదైతే అది" అంటే "అదైతే ఇది" కూడా అనే అనుకుంటారు. దానికి మందు ఇక్కడ దొరుకుతుందేమోనని నా ఆశ.

కానీ భయం కూడా ఉంది. ఇది కాలేజీలో చెప్పేది కదా, 14 ఏళ్ళ పిల్లలకి ఎక్కుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? తెలుగు అక్షరాలతో రాస్తే పనిచేస్తుందా? హెచ్ఎం గారు అప్పుడే "పదో తరగతి మార్కులకి ఇది పనికొస్తుందా మాస్టారూ" అని అడిగేశారు, దానికీ ఏదైనా జవాబు ఉంటే చెప్పండి.

సూటిగా_సుత్తిలేకుండా:

మాస్టారూ, ఏమీ అనుకోకండి. సీబీఎస్ఈలో 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో ఉన్నది పైథాన్. ఇంజనీరింగ్‌లో చేరినా అదే, ఉద్యోగంలోనూ ఎక్కువగా అదే. వారానికి ఒక్క పీరియడ్ ఉన్న చోట ఎవరూ వాడని భాష చెప్పడం ఎందుకు? మీ పిల్లలు చూసి కొట్టారంటే మార్చాల్సింది భాషని కాదు, వాళ్ళకిచ్చే పనిని. ప్రోలాగ్ ఇచ్చినా బోర్డు మీద రాస్తే అదీ చూసే కొడతారు.

సుద్దముక్క:

పైన చెప్పిన దాంట్లో చివరి మాట నూటికి నూరు పాళ్ళు నిజం. మిగతాది ఒప్పుకోను.

నేను రెండేళ్ళుగా ఎనిమిది, తొమ్మిది తరగతులకి చెప్తున్నాను, మొదటి ఏడాది ఘోరంగా పోయింది. పుస్తకంలో ఉన్నట్టే జాన్, మేరీ, ఎవరు ఎవరిని ఇష్టపడతారు అని మొదలెట్టాను. తొమ్మిదో తరగతిలో ఆ ఉదాహరణ పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, పీరియడ్ అంతా నవ్వులే.

రెండో ఏడు చుట్టరికాలు పట్టుకున్నాను. చూడండి, ఇంగ్లీషులో అంకుల్ అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. మనకి పెదనాన్న, చిన్నాన్న, మేనమామ, మేనత్త మొగుడు, పెద్దమ్మ మొగుడు, అందరూ వేరు. ఒక్కో మాట వెనక ఒక్కో నియమం ఉంది, ఆ నియమాలన్నీ పిల్లలకి అయిదో ఏటికే వచ్చేశాయి, ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే. "మేనమామ అంటే ఎవర్రా" అంటే క్లాసంతా ఒకే గొంతుతో "అమ్మ అన్నయ్యో తమ్ముడో" అంటారు. ఇంక మీరు చెప్పాల్సింది ఏముంది, దాన్ని రాసే పద్ధతే కదా.

ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. పిల్లల సొంత ఇంటి వివరాలు రాయించకండి. నేను రాయించాను. ఒక పిల్ల తండ్రి పేరు దగ్గర ఆగిపోయి అలాగే కూర్చుంది, అప్పటికిగానీ నా బుర్ర పనిచేయలేదు. ఆ మరుసటి వారం నుంచి భారతం మీద పడ్డాను. అందరికీ తెలిసిన కుటుంబం, ఎవరి మనసూ నొచ్చుకోదు, పైగా చిక్కుముళ్ళు బోలెడు.

మొదటి మూడు పీరియడ్లు కంప్యూటర్ ముట్టుకోలేదు. అట్టముక్కల మీద ఒక్కో సంగతి రాయించి బల్ల మీద పరిచాం. ఇక్కడో చిన్న విషయం. ఇంగ్లీషు పుస్తకాల్లో చాలాచోట్ల తల్లి పేరు ముందు, బిడ్డ పేరు తర్వాత రాస్తారు. మన పిల్లలు దాన్ని తిరగేసి చదువుతారు, ఎందుకంటే తెలుగులో "అర్జునుడి తల్లి కుంతి" అంటాం. అందుకని నేను తెలుగు వరసే పెట్టేశాను:

తల్లి(అర్జునుడు, కుంతి).
తండ్రి(కృష్ణుడు, వసుదేవుడు).

దీన్ని ఎలా చదవాలో ముందే ఒప్పందం చేసుకుని గోడ మీద రాసిపెట్టాక సగం తప్పులు పోయాయి. ఇక నియమం:

మేనమామ(_వ్యక్తి, _మామ) :- తల్లి(_వ్యక్తి, _అమ్మ), తోబుట్టువు(_అమ్మ, _మామ), మగ(_మామ).

మధ్యలో ఉన్న ఆ :- గుర్తుని చాలామంది "అయితే" అని చదివిస్తారు. అలా చదివితే మనవాళ్ళకి తలకిందులవుతుంది, "అయితే"కి ముందు షరతు రావాలి కదా, ఇక్కడ ఫలితం ముందొచ్చింది. నేను "అవ్వాలంటే" అని చదివిస్తాను. ఫలానావాడు మేనమామ అవ్వాలంటే, తల్లి ఎవరో తెలియాలి, వాడు ఆవిడకి తోబుట్టువు అవ్వాలి, మగవాడై ఉండాలి. ఈ ఒక్క మాటతో దారి దొరికింది. మాస్టారూ, మీ విపర్యయం గొడవకి కూడా ఇక్కడే మందు ఉంది, బాణం ఏ వైపుకో పిల్లలే వాదించుకుంటారు.

పాత_బగ్గు:

సుద్దముక్క గారూ, "అవ్వాలంటే" అద్భుతం, నేను కాపీ కొట్టేస్తున్నా.

మాస్టారూ, ఇది కాలేజీ సరుకేం కాదండీ. ప్రోలాగ్ 1972లో ఫ్రాన్స్‌లో మార్సెయ్‌లో పుట్టింది, అలెన్ కోల్మరోర్, ఫిలిప్ రూసెల్ చేశారు, వెనక ఉన్న తర్కం చాలావరకు రాబర్ట్ కోవాల్స్కీది. ఆ కోవాల్స్కీయే 1980 ప్రాంతంలో లండన్ ఇంపీరియల్ కాలేజీ నుంచి మిడిల్ స్కూల్ పిల్లలకి దీన్ని నేర్పించే ప్రాజెక్టు నడిపాడు. దానికోసం వాడిన మైక్రో ప్రోలాగ్ 48 కేబీ మెమరీ ఉన్న సింక్లెయిర్ స్పెక్ట్రమ్ మీద కూడా నడిచింది. మీ ల్యాబ్‌లో పనిచేయని ఆ మూడు సిస్టమ్స్‌ కూడా అంతకంటే గొప్పవే. ఆ తర్వాత బళ్ళలో బేసిక్ భాష రాజ్యమేలింది, ఇది మూలన పడింది.

తెలుగు సంగతి. ప్రోలాగ్ నడిపే ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఒక్కసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు, తెలుగు అక్షరాలు తీసుకుంటుంది. ప్రోలాగ్‌లో చరరాశి (ఎవరైనా కావచ్చని ఖాళీగా ఉంచే చోటు) పేరు పెద్దక్షరంతోగానీ కింద గీతతోగానీ మొదలవ్వాలి. తెలుగులో పెద్దక్షరం చిన్నక్షరం లేవు కాబట్టి కింద గీతే గతి, పైన టీచర్ గారు _అమ్మ అని రాసింది అందుకే. నన్నడిగితే ఇది మనకి లాభం. ఇంగ్లీషులో పేర్లు రాసే పిల్లలు అలవాటుగా మనిషి పేరుని పెద్దక్షరంతో మొదలెట్టి దాన్ని చరరాశి చేసేస్తారు, అప్పుడు ప్రోలాగ్ అడ్డమైనదానికీ అవునంటుంది. తెలుగులో ఆ పొరపాటు జరగదు.

చిరాకులు కూడా చెప్తాను. వాక్యం చివర చుక్క మర్చిపోతారు, అప్పుడు అది ఏమీ అనకుండా ఇంకా ఏదో వస్తుందని చూస్తూ కూర్చుంటుంది, పిల్లలేమో హ్యాంగ్ అయిందనుకుని రీస్టార్ట్ చేస్తారు. "తల్లి" కీ బ్రాకెట్‌కీ మధ్య ఖాళీ పెడితే ఎర్రర్. ప్రోలాగ్ నడిచే నల్ల కిటికీలో ఒత్తులూ గుణింతాలూ చెదిరి కనపడొచ్చు, బ్రౌజర్‌లో నడిచే స్విష్ అయితే తెలుగు చూడ్డానికి బాగుంటుంది. దాన్ని ఒక సిస్టమ్‌లో పెట్టుకుని ల్యాబ్ లోపలి నెట్‌వర్క్‌లో మిగతావాటికి ఇవ్వొచ్చు, కాకపోతే పెట్టడానికి తెలిసినవాళ్ళెవరైనా ఒక పూట కూర్చోవాలి. ఇంకోటి, రాజ్‌కుమార్ లాంటి పేర్లలో పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి దూరుతుంది. ఒకచోట అది ఉండి ఇంకోచోట లేకపోతే ప్రోలాగ్‌కి అవి ఒకే పేరు కాదు. మొదట్లో అలాంటి పేర్ల జోలికి పోకండి.

సూటిగా గారికి ఒక్క మాట. వాట్సాప్ సర్వర్లు నడిచే ఎర్లాంగ్ భాష తొలి రూపం రాసింది ప్రోలాగ్‌లోనే. 2011లో అమెరికాలో టీవీ క్విజ్ గెలిచిన ఐబీఎం వాట్సన్ కంప్యూటర్‌లో ప్రశ్నని విడదీసి అర్థం చేసుకునే భాగంలో దీన్ని వాడారు. ఉద్యోగాలొస్తాయని చెప్పట్లేదు, ఎవరూ వాడనిది కాదని మాత్రం చెప్తున్నా.

సూటిగా_సుత్తిలేకుండా:

సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటా. కానీ ఒక్కటి చెప్పండి, పైథాన్‌లో చేయలేనిది ఇందులో తొమ్మిదో తరగతి పిల్లాడికి కనిపించేది ఏముంది?

సుద్దముక్క:

ఉంది. పైథాన్‌లో మేనమామని వెతికే ఫంక్షన్ రాశారనుకోండి, మేనల్లుడిని వెతకాలంటే ఇంకోటి రాయాలి. ఇక్కడ రాసిన ఆ ఒక్క నియమాన్నే రెండు వైపుల నుంచీ అడగొచ్చు.

?- మేనమామ(అభిమన్యుడు, _ఎవరు).
?- మేనమామ(_ఎవరు, కృష్ణుడు).

మొదటిది మేనమామ ఎవరని, రెండోది కృష్ణుడు ఎవరికి మేనమామ అని. ఇది చూసినప్పుడు మా క్లాసులో ఒకడు "అదెలా, మనం అది చెప్పలేదుగా టీచర్" అని లేచి నిలబడ్డాడు. నాకు ఆ ఏడాదికి అది చాలు.

ఈ మొదటి ప్రశ్నతోనే పెద్ద గలాటా జరిగింది, చెప్తాను వినండి. తోబుట్టువు అంటే ఒకే తల్లి బిడ్డలు అని పిల్లలు నియమం రాశారు. భాగవతం ప్రకారం సుభద్ర తల్లి దేవకి అని పెట్టుకున్నాం, బలరాముడి తల్లి రోహిణి. అభిమన్యుడి మేనమామ ఎవరంటే కృష్ణుడు ఒక్కడే వచ్చాడు. బలరాముడు ఏడి? బలరాముడు మేనమామ కాకపోతే శశిరేఖ మరదలు కాదు, ఇంక పెళ్ళి ఏముంది! క్లాసు గోలగోల. "దేవకి కడుపులోంచి రోహిణి కడుపులోకి మార్చారు కదా, ఇద్దరు తల్లుల్ని రాసేద్దాం" అని ఒకమ్మాయి. అదీ ఒక దారే, కాదనలేదు. చివరికి ఒకే తండ్రి బిడ్డలైనా తోబుట్టువులే అని రెండో నియమం చేర్చారు. అప్పుడు బలరాముడు వచ్చాడు, కానీ కృష్ణుడు రెండుసార్లు వచ్చాడు. తల్లి వైపు నుంచి ఒకసారి, తండ్రి వైపు నుంచి ఒకసారి. రెండు రుజువులు ఉన్నాయి కాబట్టి రెండు జవాబులు. మొత్తం ఒక పీరియడ్ ఇదే సరిపోయింది, నేను బోర్డు మీద ఒక్క అక్షరం రాయలేదు.

లంకల్లో_లెక్కలు:

శశిరేఖ పెళ్ళి ఆగిపోయిందన్న దగ్గర నేను పైకే నవ్వాను, ఇంట్లోవాళ్ళు వింతగా చూశారు. ఇద్దరికీ ధన్యవాదాలు.

నిన్న నేను తోబుట్టువు నియమం రాసి చూశాను, అర్జునుడికి తోబుట్టువు అర్జునుడే అని వచ్చింది. సరే కదా అని _ఒకరు \= _మరొకరు (ఇద్దరూ వేరువేరు) అనే షరతు మొదట్లోనే పెట్టాను, ఇప్పుడు ఎవరిని అడిగినా ఫాల్స్ అంటోంది. ఎక్కడ తప్పు? ఇంకొకటి, ఈ ఫాల్స్ అనేదాన్ని పిల్లలకి ఏమని చెప్పాలి? "అబద్ధం" అంటే సరిపోతుందా?

పాత_బగ్గు:

ఆ షరతుని చివరికి తోసేయండి, పనిచేస్తుంది. మొదట్లో ఇద్దరూ ఎవరో దానికింకా తెలియదు, పేరు తగలని రెండు చరరాశులు ఎప్పుడైనా ఒకటయ్యే వీలుంది కాబట్టి "వేరు" అని అది ఒప్పుకోదు, అక్కడే ఆగిపోతుంది. మనుషులు దొరికాక అడగాలి. కాగితం మీద తర్కంలో వరస ముఖ్యం కాదు, ప్రోలాగ్‌లో ముఖ్యం, ఈ నిజం పిల్లలకి దాచకుండా చెప్పండి. ఇలాంటిదే ఇంకోటి ఉంది. "పెద్ద" అనే నియమంలో మొదటి షరతుగా మళ్ళీ "పెద్ద"నే పిలిస్తే, సహదేవుడి కంటే పెద్దవాళ్ళందరినీ అడిగేసరికి అది తనలో తనే తిరిగి తిరిగి మెమరీ చాలక చేతులెత్తేస్తుంది. ముందు పక్కపక్కవాళ్ళ సంగతి, తర్వాత తనని తాను పిలుచుకోవడం, ఆ వరసలో రాయించండి.

వెతుకులాట ఎలా సాగుతుందో నోట్‌బుక్‌లో గీయించండి. ఒక కొమ్మ పట్టుకుని వెళ్ళి, కుదరకపోతే వెనక్కొచ్చి ఇంకో కొమ్మ. ఇది గీయకుండా నేర్చుకున్నవాళ్ళకి ప్రోలాగ్ మంత్రంలానే మిగిలిపోతుంది, నేను అలాంటి ఇంజనీర్లని చూశాను, కొన్నాళ్ళు నేనే ఆ బాపతు.

సుద్దముక్క:

ఫాల్స్‌ని "అబద్ధం" అని చెప్పకండి మాస్టారూ, "నా దగ్గర ఉన్నవాటితో రుజువు కాలేదు" అని చెప్పండి. నేనైతే కర్ణుడిని దింపుతాను. ఫైల్లో కర్ణుడి గురించి రాధ, అధిరథుడు అని మాత్రమే పెట్టి, అర్జునుడికి కర్ణుడు తోబుట్టువా అని అడిగిస్తాను. ఫాల్స్. అప్పుడు పిల్లలందరూ "కాదు, అన్నయ్యే" అని అరుస్తారు. మరి దానికెవరు చెప్పారు? తల్లి(కర్ణుడు, కుంతి) అని ఒక్క వాక్యం చేర్చి మళ్ళీ అడిగితే ట్రూ. మారింది లోకం కాదు, ఫైలు. "అయితే ధర్మరాజు ఫైల్లోకి ఈ వాక్యం యుద్ధం అయిపోయాక ఎక్కింది టీచర్" అన్నాడు వెనక బెంచీవాడు. ఆ రోజు వాడికి నా పెన్ను ఇచ్చేశాను.

ఓటర్ల జాబితాలో పేరు లేకపోతే ఎదురుగా నిలబడ్డ మనిషిని కూడా లేడంటారు చూశారా, అచ్చం అదే. ఈ ఉదాహరణ కూడా చెప్పాను, పిల్లలకంటే స్టాఫ్ రూమ్‌లో బాగా పేలింది.

లంకల్లో_లెక్కలు:

నాలుగు శనివారాలు అయ్యాయి, ఏం జరిగిందో రాయడం న్యాయం అనిపించి వచ్చాను.

రెండు వారాలు అట్టముక్కలే. మూడో వారం సిస్టమ్‌కి ముగ్గురు నలుగురు చొప్పున. 26 మందిలో ఓ ఏడెనిమిది మందికి నిజంగా పట్టుబడింది, చాలామంది సంగతులు రాయగలరు, ప్రశ్న అడగగలరు, నియమం దగ్గర తడబడతారు. నలుగురైదుగురు ఇప్పటికీ చుక్క పెట్టడం మర్చిపోయి రీస్టార్ట్ కొడుతున్నారు. గొప్పగా సాగుతోందని చెప్పను. కానీ "సార్ రావట్లేదు" పోయి "సార్ ఇలా ఎందుకు వచ్చింది" మొదలైంది, నాకు ఆ తేడా వినపడుతోంది.

మొన్న చుట్టరికాలు పక్కనపెట్టి మ్యాప్ తీసుకున్నాను. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ. మూడు రంగులు, పక్కపక్క రాష్ట్రాలకి ఒకే రంగు రాకూడదు. సరిహద్దులు పిల్లలే అట్లాస్ చూసి లెక్కపెట్టారు, ఏడు. ముందు రెండు రంగులిచ్చాను, ఫాల్స్. ఎందుకో ఒకమ్మాయి వేలుపెట్టి చూపించింది, ఆంధ్ర తెలంగాణ కర్ణాటక మూడూ ఒకదానికొకటి తగులుతున్నాయి, రెండు రంగులు ఎలా సరిపోతాయి అని. అది రుజువేనండీ, నేను అడక్కుండానే చేసింది! మూడు రంగులిస్తే మొత్తం 243 రకాల్లో 6 మిగిలాయి. ఆ ఆరింటిలోనూ తమిళనాడుది తెలంగాణ రంగు, కేరళది ఆంధ్ర రంగు.

అంతా అయిపోయింది, బెల్ కొట్టబోతున్నారు, అప్పుడు ఒకడు "సార్, యానాం?" అన్నాడు. మాకు వారధి దాటితే యానాం, వాడి అమ్మమ్మగారి ఊరు అదే. యానాం పుదుచ్చేరిలో భాగం, చుట్టూ ఆంధ్ర. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు పక్కన, మాహే కేరళ పక్కన. అంటే పుదుచ్చేరికి ఆంధ్ర, తమిళనాడు, కేరళ మూడింటి రంగూ రాకూడదు. అయిపోయింది, నాలుగో రంగు కావాలి అని నేను బోర్డు మీద రాసేశాను కూడా. వాడు వినకుండా మూడు షరతులు చేర్చి ఎంటర్ కొట్టాడు. మళ్ళీ 6 జవాబులే వచ్చాయి, ప్రతిదాంట్లో పుదుచ్చేరికి కర్ణాటక రంగు. ఆంధ్రకీ కేరళకీ ఒకటే రంగు అని పది నిమిషాల కింద నేనే చెప్పి నేనే మర్చిపోయాను.

బోర్డు వాడే తుడిచాడు. వచ్చే శనివారం బావ నియమం రాస్తామంటున్నారు. మేనమామ కొడుకూ బావే, మేనత్త కొడుకూ బావే, అక్క మొగుడూ బావే, మళ్ళీ వాళ్ళలో వయసులో పెద్దా చిన్నా ఒకటుంది. మేనరికం చేసుకున్న ఇంట్లో ఒకే మనిషి ఎన్నిసార్లు వస్తాడో నేను ఈసారి ముందే చూసుకుని వెళ్తాను. హెచ్ఎం గారికి మాత్రం ఇంకా ఏం చెప్పాలో తెలియలేదు, యానాం కథ చెప్పాను, నవ్వి "కానివ్వండి" అన్నారు.